బుడమేరు గట్టు పక్కన 80 గజాల స్థలం, కొనొచ్చా?

ప్రశ్న (కుట్టుమిషను, సింగ్‌నగర్)

అందరికీ నమస్కారమండీ. మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 12 ఏళ్లుగా అద్దింటి ముందు గదిలోనే జాకెట్లు కుడుతున్నాను. ఈ మధ్య మా ఆయనకు ఒక స్థలం బేరం వచ్చింది. బుడమేరు వాగు గట్టుకు వంద అడుగుల దూరంలో 80 గజాలు. చుట్టుపక్కల గజం 30 వేలు పలుకుతుంటే ఇది 12 వేలకే ఇస్తామంటున్నారు. రిజిస్ట్రేషన్ ఉండదట, నోటరీ కాగితమే. మెరక తోలించి రోడ్డుకు సమానం చేసి పెట్టారు. "ఇది వదిలేస్తే సొంతిల్లు మన వల్ల కాదు" అంటారు మా ఆయన. ఆ మాట నిజమే. నాకు మాత్రం ధైర్యం చాలడం లేదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. శనివారం రాత్రంతా వాన పడింది కానీ ఎప్పటి వానేలే అనుకున్నాం. నీళ్లు ముందు వీధిలోంచి రాలేదండీ, బాత్‌రూమ్ తూములోంచి నల్లగా పైకి తన్నాయి. గోనెసంచి కుక్కేలోపే గుమ్మం దాటి వీధి నీళ్లూ వచ్చేశాయి. చూస్తుండగానే ఛాతీ లోతు. పిల్లల్ని మేడ మీద ఓనరు గారింటికి చేర్చి, ఒక్క మిషను తల ఊడదీసి అటక మీద పెట్టగలిగాను. ఓవర్‌లాక్ మిషను మునిగిపోయింది. ఒకావిడ ఫాల్ కోసం ఇచ్చిన మెరూన్ పట్టుచీర రంగు దిగి, పక్కనున్న తెల్ల జాకెట్లన్నిటికీ అంటుకుంది. డ్రోన్లతో పొట్లాలు వేసిన రోజులవి. మేము కిందికి దిగేసరికి వినాయక చవితి వచ్చేసింది.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. నీళ్లు తీశాక మా ఇంటి ముందు డ్రైను మీద బండలు లేపి పూడిక తీశారు. సిమెంటు సంచులు, డైపర్లు, థర్మాకోల్, వాటితో చుట్టుకుని గుడ్డపీలికల ఉండలు. ఆకుపచ్చ లైనింగ్, గులాబీ లైనింగ్... ఆ రంగులు నాకు తెలుసు. ఏళ్ల తరబడి శనివారం రాత్రి షాపు ఊడ్చి, ఆ పీలికల్ని నేనే డ్రైనులోకి తోసేదాన్ని. బుడమేరు అంత వరద నా పీలికల వల్ల రాలేదని తెలుసు. కానీ మా వీధిలో నీళ్లు కదలకుండా నిలబడ్డాయి కదా, దానికి ఎంత కారణమైనా నాది నాదే.

అందుకే అడుగుతున్నాను. ఆ 80 గజాలు నిజంగా నేలా, లేక వాగా? మాలాంటి వాళ్లం ఎలా తెలుసుకోవాలి?

జవాబు (పాత లస్కర్)

అమ్మా, నేను నీటిపారుదల శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా గట్ల మీదే గడిచింది. ముందు మీ ప్రశ్నకే జవాబు. రిజిస్ట్రేషన్ ఉండదు అన్నచోటే ఆగిపోండి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో, అంటే 22ఎలో ఉందేమో చూడండి. వార్డు సచివాలయంలో సర్వేయర్ని అడిగి ఎఫ్ఎంబీ పటం, అంటే సర్వే నంబరు హద్దులు కొలిచి గీసిన పటం చూపించమనండి. అందులో వాగు గీత ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో తెలిసిపోతుంది. వాగు పోరంబోకు, అంటే వాగుకు వదిలిన ప్రభుత్వ భూమి అని ఉంటే ఇక రెండో మాట వద్దు. కాగితాలు చూసేలోపు మీ ఆయన్ని ఒక గునపం తీసుకెళ్లి రెండడుగులు తవ్వమనండి. ఇటుకముక్కలు, టైల్సు, ప్లాస్టిక్ వస్తే అది నేల కాదు, ఎవరిదో పాత ఇల్లు పగలగొట్టి తోలిన చెత్త. పక్క ఖాళీ స్థలంలో జమ్ము మొలిచిందంటే అక్కడ నీళ్లు నిలబడతాయనే లెక్క.

బుడమేరు సంగతి కూడా చెబుతాను. ఇది మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే వాగు. ఏడాదిలో చాలా నెలలు పిల్లకాలువలా ఉంటుంది. అందుకే జనానికి దాని వెడల్పు కనపడదు, ఎండిన భాగమంతా ఖాళీ జాగా అనుకుంటారు. వరద ఊరి మీదికి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, డైవర్షన్ కాలువతో ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి మళ్లించారు. కానీ ఆ కాలువ అప్పటికి పట్టేది సుమారు 15 వేల క్యూసెక్కులే. 2024లో దానికి రెట్టింపు పైన వచ్చింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, అంతకు ముందెన్నడూ లేనంత. నది నిండుగా ఉంటే కాలువ నీళ్లు అందులో దిగవమ్మా, వెనక్కి ఎగదన్నుతాయి. ఆ కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, ఆర్మీ వాళ్లొచ్చి రాళ్లబుట్టలతో పూడ్చాల్సొచ్చింది. ఇటు వెలగలేరు షట్టర్లూ ఎత్తారు. ఆ నీళ్లన్నీ పాత దారినే పడ్డాయి. ఆ దారిలో ఇప్పుడు మన కాలనీలు ఉన్నాయి.

గట్టు తనంతట తాను తెగదు. మట్టి కోసం గట్టు పక్కనే తవ్వుకుపోతారు, ట్రాక్టరు దిగడానికని గట్టును కోస్తారు, పందికొక్కుల బొరియలు ఎవరూ పూడ్చరు. మా రోజుల్లో వర్షాకాలానికి ముందు గట్టంతా నడిచి ప్రతి బొరియకూ మట్టి కూరేవాళ్లం.

ఇంకొక్క మాట. ఆ స్థలం మెరక చేశారన్నారు. మీరు అడుగు ఎత్తు లేపితే అక్కడ ఉండాల్సిన నీళ్లు వెనక వీధి వాళ్లింట్లోకి పోతాయి.

జవాబు (కైకలూరు చెరువులు)

అక్కా, నేను బుడమేరు పోయి పడే చోట ఉంటాను. మా నాన్నకు కొల్లేట్లో చేపల చెరువులుండేవి. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా ఉన్న సరస్సు భాగాన్ని అభయారణ్యమని ప్రకటించారు. 2006లో మిషన్లొచ్చి చెరువు గట్లు కొట్టేశాయి. ఆ రోజు మా నాన్న అన్నం ముట్టలేదు, నాకు గుర్తుంది. ఆ తర్వాత ఎన్ని గట్లు మళ్లీ లేచాయో కూడా నేను చూశాను. చెరువు మా కడుపు నింపింది, కాదనను. కానీ బుడమేరు, తమ్మిలేరు లాంటివన్నీ వచ్చి కొల్లేటిలో పడితే, సముద్రానికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. మధ్యలో గట్టు మీద గట్టు కడితే నీళ్లు ఎక్కడికి పోవాలి? మీకు నీళ్లు తగ్గిన వారంలో మా లంకల్లోకి వచ్చాయి. పెదయడ్లగాడి వంతెన ఖానాల్లో గుర్రపుడెక్క చిక్కుకుపోయి, ఏలూరు రోడ్డు మీదుగా నీళ్లు పారాయి. పై నుంచి కొట్టుకొచ్చిన సీసాలు, సంచులు మా వలల్లో పడుతూనే ఉన్నాయి. మీ డ్రైను మాట చదవగానే అవే గుర్తొచ్చాయి. తప్పు ఒప్పుకున్నారని ఎత్తి చూపడం లేదక్కా, మా గట్లు కూడా అలాంటివే.

జవాబు (నున్న ఆటో)

అక్కా, గుడ్డపీలికలు పారేయొద్దు. ఆటోనగర్‌లో షెడ్ల వాళ్లకు గ్రీజు తుడుచుకోవడానికి వేస్టు గుడ్డ కావాలి. కాటన్‌వి వేరుగా సంచిలో కట్టి ఉంచండి, నేను రోజూ అటే వెళ్తాను, ఇచ్చేస్తాను. లైనింగ్ నూనె పీల్చదు, అది తీసుకోరు.

మళ్లీ నేనే (కుట్టుమిషను, సింగ్‌నగర్)

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే చేశాం. గునపానికి ముందు బాత్‌రూమ్ టైల్సు, ఆ కింద ఒక చెప్పు వచ్చాయి. అయినా మా ఆయన మనసు ఒప్పుకోలేదు. సోమవారం సచివాలయానికి వెళ్లాం. సర్వేయరు పటం పరిచి పెన్సిల్‌తో చూపించారు. వాగు గీత స్థలం పక్క నుంచి కాదండీ, మధ్యలోంచి పోతోంది. మా ఆయన మళ్లీ చూపించమన్నారు. రెండోసారీ అక్కడే.

బయటికొచ్చాక చెప్పారు, నాకు తెలియకుండా 20 వేలు బయానా ఇచ్చారని. రెండేళ్లు చీటీ కట్టిన డబ్బు. కోపమొచ్చింది కానీ ఆయన మొహం చూసి ఏమీ అనలేకపోయాను. అమ్మేవాళ్లు సగం వెనక్కిచ్చారు, మిగతాది ఇంకెవరైనా కొన్నాక ఇస్తామన్నారు. అది మాకు వద్దని చెప్పేసి వచ్చాం.

తమ్ముడూ, కాటన్ పీలికలు రెండు సంచులయ్యాయి, ఎప్పుడైనా రండి. లైనింగ్ ముక్కలు దిండ్లలో కూరుతున్నాను.

నిన్న ఆ స్థలం చూడ్డానికి ఒక జంట వచ్చారు. చంకలో ఏడాది పిల్ల. మా షాపు ముందే బండి ఆపి దారి అడిగారు. దారి చెప్పి, ఫోన్లో ఉన్న పటం ఫోటో కూడా చూపించాను. ఆ అమ్మాయి చాలాసేపు చూసి, తనకు పంపమంది. పంపాను.