ఆఫర్ చేతిలో ఉన్నా తేల్చుకోలేని పిల్లలకు ఏం చెప్పాలి?

ప్రశ్న (శనివారం బ్యాచ్, మారతహళ్ళి, బెంగళూరు)
ఇక్కడి పీజీల్లో ఉండి ఉద్యోగాలు వెతుక్కునే మన పిల్లలకు వారానికోసారి సలహాలిస్తుంటాం. ఒకడు ఎక్సెల్ షీటులో పద్నాలుగు కాలమ్‌లు పెట్టుకుని నెలయినా తేల్చడు. ఇంకొకడు "నాన్నగారిని అడిగి చెప్తానండీ" అంటాడు. మరొకడు ఆ సాయంత్రమే సంతకం పెట్టేసి బాండ్ (ఇన్నాళ్ళు మానకూడదు, మానితే డబ్బు కట్టాలనే ఒప్పందం) సంగతి తర్వాత చూసుకుంటాడు. ముగ్గురికీ ఒకే మందు పనిచేయట్లేదు.

జవాబు (కెరీర్ కౌన్సెలర్)
మనుషులు నిర్ణయాలు ఏ తీరులో తీసుకుంటారో కొలవడానికి 1995లో స్కాట్, బ్రూస్ అనే పరిశోధకులు చేసిన 25 వాక్యాల ప్రశ్నావళి ఉంది. లెక్కగట్టేవాళ్ళు, మనసు చెప్పినట్టు పోయేవాళ్ళు, ఇతరుల మీద ఆనుకునేవాళ్ళు, వాయిదా వేసేవాళ్ళు, ఠక్కున తేల్చేసేవాళ్ళు: ఒక్కో శైలికి 5 వాక్యాలు. మార్కులు దేనికదే విడిగా వస్తాయి. కాబట్టి ఒకే కుర్రాడు లెక్కల్లోనూ వాయిదాలోనూ ఎక్కువ తెచ్చుకోవచ్చు. మీ ఎక్సెల్ బాబుది అదేనని నా అనుమానం. పాత షీటూ కొత్త షీటూ పక్కపక్కన పెట్టి చూడండి. కంపెనీల వరుసలు తగ్గుతుంటే ఆలోచిస్తున్నట్టు, కాలమ్‌లు పెరుగుతుంటే తప్పించుకుంటున్నట్టు.

అతని చేత వెయిటేజీలు (ఒక్కో కాలమ్‌కు ఇంత ప్రాధాన్యం అనే మార్కులు) వేయించకండి. మొత్తం కూడితే మంచి జీతం రోజుకు మూడు గంటల సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌ను కప్పేస్తుంది. పైగా నచ్చిన కంపెనీ గెలిచేదాకా వెయిటేజీలు మారుస్తూ పోతారు. దాని బదులు మూడే హద్దులు, ముఖ్యమైనది ముందు: చేతికొచ్చే జీతం కనీసం ఇంత, ప్రయాణం ఒకవైపు గంట లోపు, బాండ్ ఉండకూడదు. మొదటి హద్దు దాటని కంపెనీని అక్కడే కొట్టేయాలి, మిగతా కాలమ్‌లు చూడనే కూడదు. మిగిలిన రెండు మూడింటి గురించే లోతుగా వాకబు చేయాలి.

జవాబు (హెచ్ఆర్, వైట్‌ఫీల్డ్)
నాన్నగారిని అడగడం తప్పేం కాదు, అడిగే తీరులోనే ఉంది తిరకాసు. "ఏది తీసుకోమంటారు?" అంటే నిర్ణయం ఆయన నెత్తిన పడుతుంది. ఫోన్ చేసేముందు తన ఎంపిక, రెండు కారణాలు కాగితం మీద రాసుకోమనండి. తర్వాత "ఇందులో మీకు భయం దేనికి?" అని అడగమనండి. ఇంటి అప్పుల లెక్క నాన్నగారికి తెలుస్తుంది, టీమ్‌లో పని ఎలా ఉంటుందో అక్కడ చేసేవాళ్ళకే తెలుస్తుంది.

ఠక్కున సంతకం పెట్టేవాడికి ఉపన్యాసం ఎక్కదు. ఆఫర్ లెటర్‌లో నాలుగు చోట్ల పెన్సిల్‌తో గీత గీయించండి: వేరియబుల్ పే (పనితీరును బట్టి మారే జీతం), నోటీస్ పీరియడ్, బాండ్ మొత్తం, జాయినింగ్ బోనస్ వెనక్కి కట్టే షరతు. సీటీసీని (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) పన్నెండుతో భాగించి జీతమనుకోవడమే అసలు పొరపాటు. పూర్తి బేసిక్ మీద పీఎఫ్ కట్టే చోట 30,000 బేసిక్‌కు 12 శాతం చొప్పున 3,600 జీతంలో కోత పడుతుంది. కంపెనీ వాటా ఇంకో 3,600 కూడా చాలా చోట్ల సీటీసీలోనే కలిపి చూపిస్తారు.

జవాబు (పాత సభ్యుడు)
ఎక్సెల్ బాబును మరీ ఆడిపోసుకోకండి. అమెరికాలో చదువు ముగించే విద్యార్థుల మీద అయ్యంగార్, వెల్స్, ష్వార్ట్జ్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో, అన్నిట్లోకీ మేలైనదే కావాలని వెతికినవాళ్ళకు తొలి జీతం 20 శాతం ఎక్కువే వచ్చింది. తృప్తి మాత్రం తక్కువ.

ప్రశ్న అడిగినవారు
మరి షీటుకు గడువు తేదీ పెడితే సరిపోతుందా?

జవాబు (కెరీర్ కౌన్సెలర్)
ఒట్టి తేదీ దాటిపోతుందండీ. హెచ్ఆర్‌కు పంపే "ఒప్పుకుంటున్నాను", "వద్దనుకుంటున్నాను" మెయిళ్ళు రెండూ ఈ శనివారమే మీ ముందు రాయించి డ్రాఫ్ట్‌లో పెట్టించండి. గడువు పొడిగింపు కావాలంటే ఒక్కసారే, మెయిల్‌లోనే, ఫలానా తేదీ వరకని అడగాలి.