బీరు గురించి తెలుగులో ఒక్క సరైన వార్త ఎక్కడైనా చదివారా?

మానేరు_గట్టు:

చాలా రోజులుగా అడగాలనుకుంటున్నా. మా బాబాయికి నిరుడు ఎండాకాలంలో కిడ్నీలో రాయి ఉందని తేలింది, 7 మిల్లీమీటర్లు. డాక్టర్ మందులు రాసి, నీళ్లు బాగా తాగమని చెప్పి, రెండు వారాల తర్వాత మళ్లీ స్కానింగ్‌కి రమ్మన్నాడు. ఇంటికొచ్చిన మర్నాడే ఎవరో వాట్సాప్‌లో ఒక న్యూస్ సైటు లింకు పంపారు. బీరు తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయా అని హెడ్డింగు. లోపల నిపుణులు చెబుతున్నారు, పరిశోధనల్లో తేలింది అంటూ మూడు పేరాలు. ఏ నిపుణులు, ఏ పరిశోధన అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఇది కేవలం సమాచారం కోసమే అని అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను. బాబాయి అది పట్టుకుని రోజూ సాయంత్రం రెండు స్ట్రాంగ్ బీర్లు మొదలుపెట్టాడు, ఎటూ మూత్రం బాగానే వస్తోంది కదా అని నీళ్లు తగ్గించేశాడు. పది రోజులకి అర్ధరాత్రి నొప్పితో మంచం మీద మెలికలు తిరిగిపోతుంటే నేనే కారు తీసి కరీంనగర్ తీసుకెళ్లాను. చివరికి లేజర్‌తో తీశారు.

తర్వాత నేనే కూర్చుని వెతికాను. ఆ వార్తకి మూలం లేకపోలేదు. 1999లో ఫిన్లండ్‌లో పొగతాగే అలవాటున్న మధ్యవయసు మగవాళ్లు సుమారు 27 వేల మందిని గమనించిన అధ్యయనం ఒకటి వచ్చింది. బీరు తాగేవాళ్లలో కొత్తగా రాళ్లు రావడం తక్కువగా కనిపించింది, అంతవరకు నిజం. కానీ కొత్త రాయి రాకపోవడం వేరు, ఉన్న రాయి కరగడం వేరు. ఆల్కహాల్ వల్ల మూత్రాన్ని అదుపులో ఉంచే హార్మోను తగ్గుతుంది కాబట్టి ఎక్కువసార్లు వెళ్తాం, అదే రాయి కొట్టుకుపోతోందని అనిపిస్తుంది. పైగా బీరు యూరిక్ యాసిడ్ పెంచుతుంది, కొన్ని రాళ్లు దాంతోనే తయారవుతాయి. ఈ నాలుగు మాటలు రాయడానికి ఎంతసేపు పడుతుంది?

అప్పటినుంచి బీరు అన్న మాట కనిపించిన ప్రతి వార్తా చదువుతున్నా. ధర పెరిగితే మందుబాబులకు షాక్. ఎండలు ముదిరితే చల్లటి బీర్లు దొరక్క విలవిల. డిసెంబర్ 31 అయితే ఇన్ని వందల కోట్లు తాగేశారు. మిగతా రోజుల్లో కిడ్నీ, జుట్టు, పొట్ట.

2025 జనవరిలో జరిగింది గుర్తుందా? జనవరి 8న కింగ్‌ఫిషర్ బీరు తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకి సరఫరా ఆపేస్తున్నామని ప్రకటించింది. 2019-20 తర్వాత బేస్ ధర, అంటే పన్నులు కలపకముందు కంపెనీకి ఇచ్చే ధర, పెంచలేదు, తమకి రావాల్సిన బకాయిలు పేరుకుపోయాయి అన్నది వాళ్ల మాట. 33 శాతం పెంచమంటున్నారు, అలా ఎలా కుదురుతుందన్నది ఎక్సైజ్ మంత్రి మాట. జనవరి 20న సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరి 11 నుంచి 15 శాతం పెరిగింది. నిజానికి ఇది మంచి కథ. కంపెనీలు సరుకు షాపులకి నేరుగా అమ్మవు, ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌కి అమ్ముతాయి, కార్పొరేషన్ పన్నులు కలిపి షాపులకి అమ్ముతుంది, ఒకే కొనుగోలుదారు అయినప్పుడు ధర ఎలా తేలుతుంది, కంపెనీకి డబ్బు ఆలస్యమైతే భారం ఎవరి మీద పడుతుంది, మనం వైన్స్‌లో ఇచ్చే నోటులో ఎవరి వాటా ఎంత. ఆ పన్నెండు రోజులు నేను చూసిన తెలుగు వార్తల్లో ఇదేదీ లేదు. ఇక కింగ్‌ఫిషర్ లేనట్టేనా, బీరు ప్రియుల గుండె పగిలింది, అంతే.

బీరు తాగండి అని రాయమనట్లేదు. ఆ సీసాలో ఏముందో రాయమంటున్నా. తెలుగులో అలా రాసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి.

---

బార్లీ_గింజ:

అన్నా, నేను సంగారెడ్డి వైపు ఒక బ్రూవరీ క్వాలిటీ ల్యాబ్‌లో ఎనిమిదేళ్లు చేశాను. నాకు తెలిసి అలా క్రమంగా రాసేవాళ్లు లేరు. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది గ్లిజరిన్ కథ.

మన దగ్గర సిట్టింగ్‌లో చూసే ఉంటారు, గ్లాసులో నీళ్లు పోసి, సీసా మూత తీసి బోర్లించి నీళ్లలో పెడతారు. సీసాలోంచి నూనె లాంటి తీగలు మెల్లగా కిందికి దిగుతాయి. అదిగో గ్లిజరిన్ పోతోంది అంటారు. దీని మీద వీడియోలు, వార్తలు లెక్కలేనన్ని వచ్చాయి, మన దేశంలో కంపెనీలు నిల్వ కోసం గ్లిజరిన్ కలుపుతాయని. ఆ తీగలు గ్లిజరిన్ కాదు. బీరులో పులియకుండా మిగిలిపోయిన చక్కెరలు, పిండి పదార్థాలు ఉంటాయి కాబట్టి అది నీళ్లకంటే కాస్త బరువు. బరువైనది కిందికి దిగుతుంది, గ్లాసులోని నీళ్లు పైకి సీసాలోకి ఎక్కుతాయి. రెండిట్లో వెలుతురు వంగే తీరు వేరు కాబట్టి మధ్యలో తీగల్లా కనిపిస్తుంది. ఇంట్లో పంచదార నీళ్లతోనో కూల్‌డ్రింక్‌తోనో చేసి చూడండి, అవే తీగలు. అంటే పోయింది మీరు డబ్బులిచ్చి కొన్న బీరే, లోపలికి వచ్చింది కుళాయి నీళ్లు. గ్లిజరాల్, అంటే గ్లిజరినే, అసలే లేదని కాదు, ఈస్ట్ పులియబెట్టేటప్పుడు అది కొద్దిగా దానంతటదే పుడుతుంది, లీటరుకి ఒకటి రెండు గ్రాములు, ఏ దేశం బీరులోనైనా ఉంటుంది. మా ల్యాబ్‌కి ఒక్క విలేకరి ఫోన్ చేసి అడిగినా ఐదు నిమిషాల్లో చూపించేవాళ్లం. ఆ ఎనిమిదేళ్లలో ఒక్కరూ అడగలేదు.

ఇంకోటి, ఇది ముఖ్యం. బీరే కదా అని తేలిగ్గా తీసుకుంటాం, వార్తలు కూడా అలాగే రాస్తాయి. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లో 5 శాతం దాటి 8 శాతం వరకు ఉంటే స్ట్రాంగ్. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతం అంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్. మన విస్కీ 42.8 శాతం, 60 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 26 వస్తుంది. అంటే ఒక స్ట్రాంగ్ బీరు రెండు లార్జ్ పెగ్గులతో సమానం. మీ బాబాయి గారు రోజూ రెండు సీసాలంటే నాలుగు లార్జ్‌లన్నమాట. ఈ లెక్క ఏ పేపర్లో అయినా చూశారా?

---

నైట్_డెస్క్:

పదకొండేళ్లు తెలుగు పత్రికల డెస్కులో, తర్వాత రెండేళ్లు ఒక వెబ్‌సైటులో పనిచేసి వదిలేసినవాణ్ణి. లోపల ఏం జరుగుతుందో చెప్తా.

డిసెంబర్ 31 వార్తే తీసుకోండి. ఎక్సైజ్ వాళ్ల లెక్క వస్తుంది, ఫలానా రోజు ఇన్ని కోట్లు, ఇన్ని లక్షల కేసులు అని. అది ప్రభుత్వ మద్యం డిపోల నుంచి షాపులవాళ్లు ఎత్తిన సరుకు విలువ, దాన్నే లిఫ్టింగ్ అంటారు. షాపుల్లో అమ్ముడైంది కాదు, జనం తాగింది అంతకన్నా కాదు. పండగ ముందు, రేట్లు పెరుగుతాయన్న పుకారు ముందు షాపువాడు రెండు వారాల సరుకు ఒకేసారి ఎత్తుతాడు. మనం మాత్రం ఒక్క రోజులో తాగేశారు అని రాశాం. నేనూ రాశాను, చాలాసార్లు. ఒకసారి లిఫ్టింగ్ అన్న మాట ఉంచుదామని అడిగితే, పాఠకుడికి అర్థం కాదు తీసెయ్ అన్నారు ఇన్‌ఛార్జి. నాకు ఇప్పటికీ ఆ మాట కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే సెన్సెక్స్, బ్యారెల్, రెపో రేటు అర్థమయ్యే పాఠకుడికి డిపో ఎందుకు అర్థం కాదు?

ఎక్సైజ్ బీటు, అంటే ఆ శాఖ వార్తలు చూసే పని, సాధారణంగా ఇంకో రెండు బీట్లు చూసేవాడికే తగిలిస్తారు. సినిమాకి పేజీ ఉంది, కార్లకి ఉంది, ఫోన్లకి ఉంది, వాటికి ప్రకటనలు ఉన్నాయి. మద్యం ప్రకటనలు టీవీలో 2000 నుంచే నిషేధం, అందుకే సోడా పేరుతోనో క్యాలెండర్ పేరుతోనో కనిపిస్తాయి. ప్రకటన లేని సరుకు మీద మనిషిని పెట్టి నేర్పించే సంస్థ నాకు తగల్లేదు. వెబ్‌సైటులో ఇంకా ఘోరం. షిఫ్టుకి పన్నెండు ఐటమ్స్ రాయాలి, ఎక్కడో ఇంగ్లీషులో ఉన్నది తీసుకుని, హెడ్డింగులో ప్రశ్నార్థకం పెట్టేస్తే బాధ్యత తీరిపోయినట్టే. మీ బాబాయి చదివింది అలాంటి ఐటమే అయి ఉంటుంది. రాసిన కుర్రాడికి ఇరవై నిమిషాలు కూడా ఇచ్చి ఉండరు.

---

పెన్నా_తీరం:

నెల్లూరు జిల్లా మాది. నేను కొంచెం వేరేగా చెప్తాను, కోపగించుకోకండి.

తెలుగు పత్రికలు మద్యం గురించి సరిగ్గా రాయలేవు అంటే నేను ఒప్పుకోను. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లినప్పుడు మా అమ్మకి ముప్పై ఏళ్లు. పేపరు వస్తే ఊళ్లో చదవడం వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని పైకి చదివేవారట, ఏ ఊళ్లో సారా వేలం పాటలు ఆపారు, ఏ ఊళ్లో ప్యాకెట్లు తగలబెట్టారు అని. ఈనాడు రోజూ దానికోసం ప్రత్యేకంగా పేజీ ఇచ్చింది. విలేకరులు ఊరూరా తిరిగారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిందంటే అందులో ఆ రాతల పాత్ర చిన్నది కాదు. సారా వేలం పాట ఎలా జరుగుతుంది, కాంట్రాక్టరు ఎవరు, కూలి డబ్బులో ఇంటికి ఎంత చేరుతోంది, అన్నీ రాశారు. కాబట్టి చేతకాక కాదు, అక్కర్లేదనుకుని రాయట్లేదు.

ఇంకోమాట. బీరు రుచి గురించి, రకాల గురించి పేజీలు మొదలైతే మా పక్కింటి ఇంటర్ పిల్లాడు కూడా చదువుతాడు. నాకా భయం ఉంది. కానీ బార్లీ_గింజ గారు చెప్పిన రెండు పెగ్గుల లెక్క మాత్రం మొదటి పేజీలో రావాలి. మా ఆయన ఆదివారం ఒక్క బీరే అంటూ వచ్చారు ఇన్నాళ్లూ, నిన్న రాత్రి ఈ లెక్క చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు.

---

థేమ్స్_ఒడ్డున_తెలుగోడు:

ఇక్కడ లండన్‌లో బీరు మీద రాయడం ఒక వృత్తి. 1971లో నిజమైన ఏల్ (ఇక్కడి పాతకాలపు రకం బీరు) కోసం జనం క్యామ్రా అనే సంఘం పెట్టుకున్నారు, 1988లో బీరు రచయితలకి వాళ్లదే ఒక గిల్డ్ వచ్చింది. వీళ్లంతా పబ్బు మూతపడితే రాస్తారు, పెద్ద కంపెనీ చిన్న బ్రూవరీని కొనేస్తే రాస్తారు, పన్ను మారితే పింటుకి, అంటే ఇక్కడి పెద్ద గ్లాసుకి, ఎన్ని పెన్నీలో లెక్క కట్టి రాస్తారు.

అలాగని ఇక్కడ అంతా బంగారమేం కాదు. ఇండియా పేల్ ఏల్ అనే బీరు కథ ఇప్పటికీ తప్పుగానే రాస్తుంటారు, ఓడలో ఆరు నెలల ప్రయాణానికి మామూలు బీరు పాడైపోతుంటే హాడ్జ్‌సన్ అనే ఆయన హాప్స్ (బీరుకి చేదు ఇచ్చే పువ్వులు) ఎక్కువ వేసి మన దేశం కోసం కొత్త బీరు కనిపెట్టాడని. అప్పట్లో పోర్టర్ అనే నల్లటి బీరు కూడా ఓడల్లో మన దగ్గరికి బాగానే చేరేది, సైనికులు తాగింది ఎక్కువగా అదే. హాప్స్ ఎక్కువ వేసిన లేత రంగు బీరు అంతకుముందే ఉంది. హాడ్జ్‌సన్ బ్రూవరీ ఈస్టిండియా ఓడలు ఆగే రేవుకి దగ్గర్లో ఉంది, కెప్టెన్లకి నెలల తరబడి అప్పు ఇచ్చేవాడు, వ్యాపారం అలా పట్టాడు. పాత పత్రికల ప్రకటనలు, రికార్డులు తిరగేసి ఇదంతా బయటపెట్టింది కూడా బీరు రచయితలే. తప్పు రాస్తే పట్టుకునేవాడు ఇంకొకడు ఉండటం, అదే తేడా.

భాష లేదని మాత్రం అనకండి. మాది నల్లగొండ. మా తాత కల్లు గురించి మాట్లాడితే పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు, ఈత, ఏ చెట్టుది ఏ కాలంలో ఎలా ఉంటుందో చెప్పేవాడు. తెల్లవారి దించిన లొట్టి తియ్యగా, ఎండెక్కాక నురగ కట్టి, సాయంత్రానికి ముక్కుకి తగిలే పులుపు. పులియడం అంటే ఏమిటో మనకి ఇంగ్లీషులో ఎవరూ నేర్పక్కర్లేదు. ఏల్ ఈస్ట్ కాస్త వేడిలో తొందరగా పనిచేస్తుంది, లాగర్ అనే ఇంకో రకం బీరు ఈస్ట్ చల్లటి ట్యాంకులో నెమ్మదిగా, తర్వాత వారాల తరబడి చల్లగా నిలవ ఉంచుతారు అంటే కల్లు తెలిసినవాడికి వెంటనే ఎక్కుతుంది. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలకి, అంటే అక్కడే బీరు తయారుచేసి అమ్మే చిన్న బ్రూవరీలకి, 2015లో నిబంధనలు వచ్చాయి, మన పిల్లలే అక్కడ ట్యాంకుల దగ్గర పనిచేస్తున్నారు. ఒక్కరి దగ్గర కూర్చుని ఒక పూట మాట్లాడినా ఎంత రాయొచ్చో.

---

మానేరు_గట్టు:

అందరికీ థాంక్స్. పెన్నా_తీరం అక్కా, మీరు చెప్పింది నన్ను బాగా పట్టుకుంది. 92లో అలా రాసినవాళ్లున్న భాష ఇది. ఇంటర్ పిల్లాడి గురించి మీ భయం సరైనదే, నేనూ రుచుల పేజీ అడగట్లేదు.

నిన్న ఊరెళ్లాను. బాబాయి ఇప్పుడు తాగట్లేదు, కానీ చావడి దగ్గర నలుగురు అదే లింకు గురించి మాట్లాడుతున్నారు, మా వాడికి తగ్గింది అని ఒకాయన. అందుకని నేనే ఒక పేజీ రాస్తున్నా, మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి. కిడ్నీ సంగతి, గ్లిజరిన్ సంగతి, పెగ్గుల లెక్క, తర్వాత సీసా మీద ఏం చూడాలి అన్నది. బార్లీ_గింజ తమ్ముడూ, సీసా మీద తయారీ తేదీ ఉంటుంది కదా, ఆరు నెలల లోపు అయితే మంచిదే అని రాస్తే సరిపోతుందా?

---

బార్లీ_గింజ:

తేదీ ఒక్కటే సరిపోదన్నా. అక్కడే ఇంకో లైను కలపండి. ఎండ తగిలితే తేదీ లోపలే వాసన మారిపోతుంది, హాప్స్‌లోని చేదు పదార్థం వెలుతురుకి విరిగి కుళ్లు కంపు వస్తుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతురుని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ సీసా అంతగా ఆపలేదు. షాపు ముందు ఎండలో పేర్చిన కేసులోంచి తీసుకోవద్దని రాయండి. ఇక పెగ్గుల లెక్కలో 8 అని ఒకటే అంకె పెట్టకండి, కొన్ని సీసాల మీద 5, కొన్నిటి మీద 7 ఉంటుంది. లేబుల్ మీదున్న శాతాన్ని ఆరున్నరతో గుణించమనండి, 650 సీసాలో ఆల్కహాల్ ఎన్ని మిల్లీలీటర్లో వచ్చేస్తుంది. రాశాక ఇక్కడ పెట్టండి, పంపేముందు ఒకసారి చూస్తా.