దివిసీమ వరి పొట్ట దశలో ఉప్పు నీరు: పెట్టాలా, ఆరగట్టాలా?

కాలువ చివరి పొలం. సముద్ర మట్టం పెరుగుతున్నకొద్దీ పోటు నీరు మురుగు కాలువలోకి ఎగదన్నుతోంది. నాట్లప్పుడు మట్టి ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 2.6, అక్టోబరు రెండో వారానికి 5.4. పీహెచ్ 7.8 కాబట్టి జిప్సం వేయలేదు, అది క్షార భూమికే పనిచేస్తుంది. పచ్చిరొట్టగా జీలుగ కలియదున్నాం, 35 రోజుల ముదురు నారు కుదురుకు 4 మొక్కల చొప్పున నాటాం, ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేశాం, మంచినీటితో రెండుసార్లు కడిగాం. అయినా ఆకు కొనలు తెల్లబడి చుట్టుకుపోతున్నాయి, గట్టు వార మట్టిపై తెల్లటి పొర.

వంతు నీరు ఇంకో 9 రోజులకు గానీ రాదు. ఆటు సమయంలో మురుగు కాలువ నీరు కొలిస్తే ఈసీ 3.2. నేల ఆరితే లోపలి ఉప్పు పైకి లేస్తుంది, కంకి ఇంకా పొట్టలో ఉండగా దెబ్బపడితే అంతా తాలే. ఆ నీరే పలుచగా పెట్టడం మేలా, 9 రోజులూ ఆరగట్టడం మేలా?