బోరు పాయింటు: నాయిన కొబ్బరికాయ అంటడు, నేను సర్వే అంటున్న. ఎట్ల ఒప్పించాలె?

మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దిక్కు. బత్తాయి తోట ఎండిపోతున్నది, కొత్త బోరు వెయ్యక తప్పదు. అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా నడిచే పెద్దమనిషిని నాయిన పిలిపించిండు. కాయ నిక్కి నిలబడ్డ కాడ పసుపు కుంకుమ పెట్టి రాయి పాతిండ్రు. “గంగమ్మ దయ, మన రాత” అంటడు నాయిన.

మా దగ్గర అంతా గ్రానైటు రాయి. నీళ్లు పైన చివికిన పొరలో, కింద రాతి పగుళ్లలోనే ఉంటయి. సర్వేల భూమిలోకి కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటదో (నిరోధం) కొలిస్తే ఆ పొరల జాడ కొంత తెలుస్తది. అది కూడా గ్యారంటీ కాదు, కానీ నా నమ్మకం దాని మీదనే.

నాయినది మూఢత్వం అనుడు నాకిష్టం లేదు. ఇసొంటి నమ్మకం మన కాడనే కాదు, జర్మనీలో 16వ శతాబ్దంలోనే గనుల కోసం పంగల పుల్ల పట్టుకొని తిరిగేటోళ్లు. అసలు ముచ్చట ప్రకృతిని ఎట్ల చూస్తమన్నది: మనిషి ప్రకృతికి లోబడేటోడా, కలిసి బతికేటోడా, దాన్ని ఏలేటోడా? సంస్కృతులు ఈ మూడు తీర్లుగా చూస్తయని క్లక్‌హోన్, స్ట్రాట్‌బెక్ అనే అమెరికా పరిశోధకులు 1961లో రాసిండ్రు. సముద్రమట్టానికి దిగువనున్న నేలను కట్టలతో కాపాడుకునే నెదర్లాండ్స్ మూడో తీరుకు దగ్గర. మా నాయినలో మూడూ ఉన్నయి: రాత అంటడు, కట్ట మైసమ్మకు మొక్కుతడు, అప్పు తెచ్చయినా ఇంకా లోతుకు తోలిస్తడు.

కాయ చూపిన చోటనే ముందు సర్వే చేయించిన రైతులు ఎవరన్న ఉన్నరా? ఇంట్ల పెద్దోళ్లకు ఆ మాట ఎట్ల చెప్పిండ్రు? భూగర్భ జల శాఖోళ్లు పొలానికొస్తరా, ప్రైవేటోళ్లనే పిలవాల్నా? బోరు బండి రాకముందే తేల్చుకోవాలె, దయచేసి చెప్పండి.