వందకు రెండు రూపాయల వడ్డీ: యేసు మాట నమ్మినవాళ్లు తీసుకోవచ్చా?

గుత్తికోట:
అందరికీ వందనాలు. మా సంఘంలో మొదలైన వాదన ఇది. మా అమ్మ రిటైర్డ్ టీచర్. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత ఊళ్లో వందకు రెండు రూపాయల వడ్డీకి తిప్పుతోంది. ఆమె మందుల ఖర్చు దాంతోనే గడుస్తుంది. తీసుకున్నవాళ్లలో ఒక కౌలు రైతు మా సంఘంవాడే. జూన్‌లో శెనక్కాయ వేశాడు. సరిగ్గా కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే సమయానికి వాన మొహం చాటేసింది. చెట్టు పీకితే నాలుగు కాయలు, అందులో రెండు లొట్టలు. ప్రోనోటుకు మూడేళ్లు నిండొస్తున్నాయి. ఊరి పద్ధతి ప్రకారం బాకీ వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు రాయించుకోవాలి. మత్తయి 5:42 చూస్తే ‘నిన్ను అప్పు అడుగగోరువానినుండి నీ ముఖము త్రిప్పుకొనవద్దు’ అని ఉంది. లూకా 6లో ఇంకా గట్టిగా చెప్తాడు: తిరిగొస్తుందని చూసుకుని ఇవ్వడం పాపులు కూడా చేస్తారు కదా అని. ఆదివారం ఇది చదివి సోమవారం నోటు తిరగరాయించుకోవచ్చా?

ప్రొద్దుటూరు బజారు:
బ్రదర్, అదే మత్తయిలో 25వ అధ్యాయం కూడా ఉంది. యేసు చెప్పిన ఆ ఉపమానంలో, తనకిచ్చిన తలాంతు డబ్బును పాతిపెట్టిన దాసుడితో యజమాని ఏమన్నాడు? సాహుకారుల దగ్గర వేసి ఉంటే వడ్డీతో తీసుకునేవాణ్ని అన్నాడు. వడ్డీ పాపమైతే ఆ మాట ఎందుకొస్తుంది? మీ అమ్మగారు ఇవ్వడం మానేస్తే ఆ రైతు వందకు ఐదు గుంజేవాడి దగ్గరికి పోతాడు. రెండు రూపాయలంటే మా వైపు ధర్మవడ్డీ.

శెనక్కాయ:
ధర్మవడ్డీనా అన్నా? లెక్క వేద్దాం. లక్షకు నెలకు 2,000. అంటే 50 నెలల్లో వడ్డీయే లక్ష కడతాడు, అసలు మాత్రం కదలదు. ఏమీ కట్టలేక మూడేళ్లకు నోటు తిరగరాస్తే అప్పు 1,72,000, అక్కణ్నుంచి నెలకు 3,440. బ్యాంకు పంట రుణం 3 లక్షల దాకా 7 శాతం, గడువులోపు కడితే 4. అది పొలం పాస్‌బుక్ ఉన్నవాడికి సులభంగా దొరుకుతుంది. ఆ డబ్బు తెచ్చి వడ్డీకి తిప్పే పెద్దమనుషులూ ఉన్నారు. భూమి దున్నే కౌలుదారు మాత్రం బ్యాంకు చుట్టూ తిరిగి తిరిగి చివరికి టీచరమ్మ గడప తొక్కుతాడు.

మోడరేటర్:
మతమార్పిడి గొడవ తెచ్చిన పోస్టులు తీసేశాం. విషయం వడ్డీ.

పాత బస్టాండ్, అనంతపురం:
నేను క్రైస్తవుణ్ని కాను. మా జిల్లాలో యేసు మాటను ఆచరించినవాడు ఎవరంటే నాకు విన్సెంట్ ఫెర్రర్ గుర్తొస్తాడు. 1969లో అనంతపురం వచ్చాడు, 2009లో ఇక్కడే పోయాడు. మధ్యలో జెస్యూట్ అనే క్యాథలిక్ గురువుల సభ వదిలేసి పెళ్లి కూడా చేసుకున్నాడు, అది వేరే సంగతి. ఆయన పెట్టిన సంస్థ ఆర్డీటీ కట్టిన ఇళ్లు, బత్తలపల్లి ఆస్పత్రి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ దాని వెనక ఎక్కడెక్కడి దాతల విరాళాలో ఉన్నాయి. పెన్షన్ మీద బతికే పెద్దావిడను ఆ కొలతతో కొలవకండి.

దర్గా వీధి, కడప:
మా మతంలో వడ్డీ హరామ్. అయినా బ్యాంకు ఖాతాలో దానంతటదే పడే వడ్డీని ఏం చేయాలని మా ఇళ్లలోనూ వాదనే. కొందరు ముట్టుకోకుండా బీదలకు ఇచ్చేస్తారు. మీకేనా ఈ టెన్షన్ అనుకోకండి.

జమ్మలమడుగు అక్క:
ప్రొద్దుటూరు తమ్ముడూ, ఉపమానంలో యజమాని అన్నదల్లా ఆజ్ఞ అనుకుంటే, లూకా 18లో అన్యాయపు న్యాయాధిపతి కూడా మనకు ఆదర్శమే కావాలి. ఆ యజమాని విత్తనిచోట కోసేవాడని కథలోనే ఉంది.
నెహెమ్యా 5 తీసి చూడండి. కరువులో పొలాలు తాకట్టు పెట్టిన జనం మొర పెట్టుకుంటే, నెహెమ్యా పెద్దలను పిలిచి పొలాలూ, వడ్డీగా తీసుకుంటున్న నూరవ భాగమూ తిరిగి ఇచ్చేయమన్నాడు. వందకు ఒకటే! మనం రెండింటిని ధర్మం అంటున్నాం. 325లో బిషప్పులు కూడిన నికయ సభ, సంఘ గురువులెవరూ వడ్డీకి ఇవ్వకూడదని నియమం పెట్టింది. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ వడ్డీకి ఒప్పుకున్నా, బీదవాడి దగ్గర వద్దన్నాడు. నాకు ఆ గీత సరిగ్గా కనిపిస్తుంది. లారీ కొనేవాడు లాభం కోసం తీసుకుంటాడు, వాడి దగ్గర వడ్డీ తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. విత్తనాలకు తీసుకున్నవాడి సంగతి అది కాదు.
గుత్తి తమ్ముడూ, కొత్త నోటు వద్దు. మూడేళ్లు దాటకముందే ఆయన ఇవ్వగలిగినంత, వెయ్యి అయినా సరే, తీసుకుని పాత నోటు వెనకే చెల్లు రాయించి సంతకం పెట్టించు. ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల గడువు వస్తుంది. ఆ వెయ్యి అసలుకే జమ అని అందులోనే రాయించు. అమ్మ డబ్బు పోదు, ఆయన మీద వడ్డీకి వడ్డీ పడదు.

ప్రొద్దుటూరు బజారు:
చెల్లు మాట బాగుందక్కా. మరి మన సంఘాల కట్టడ నిధి బ్యాంకులో ఎఫ్‌డీ వేసి వడ్డీ తింటున్నాం, దాని సంగతేంటి?

శెనక్కాయ:
ఊడలు దిగలేదని బ్యాంకు ఏడవదు అన్నా.

గుత్తికోట:
అమ్మకు అంతా చదివి వినిపించా. చెల్లుకు ఒప్పుకుంది. మిగతావాళ్ల దగ్గర వసూలైన డబ్బును పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేద్దామంటే మాత్రం ముఖం ముడుచుకుంది. 2024లో దాని వడ్డీ 8.2 శాతం, లక్షకు ఏడాదికి 8,200. ఇప్పుడు 24,000 వస్తోంది. ‘తేడా 15,800 నువ్విస్తావా, మీ పాస్టరయ్యగారిస్తారా?’ అంటోంది.

ప్రొద్దుటూరు బజారు:
న్యాయమైన ప్రశ్న. ప్రసంగం ఉచితం, మందులు కాదు.

జమ్మలమడుగు అక్క:
అమ్మగారు అడిగింది కొట్టిపారేసేది కాదు. కానుకల్లోంచి సంఘంలోని ముసలివాళ్ల మందులకు ఎంత పోతోందో ముందు కమిటీని లెక్క అడుగు. ఆ లెక్క ఇక్కడ పెట్టు, అప్పుడు అమ్మతో నేను మాట్లాడతా.