బాప్తిస్మం తీసుకుని తొమ్మిదేళ్లయినా లోపల వెలితి ఉంటే అది అవిశ్వాసమా?

షోలింగనల్లూరు బ్యాచిలర్:
అందరికీ వందనాలు. సూటిగా అడుగుతాను, తిట్టకండి. బాప్తిస్మం తీసుకుని తొమ్మిదేళ్లు. మొదటి రెండేళ్లు మన చెన్నై ఓఎంఆర్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా హెల్మెట్ లోపల పాటలు పాడుకునేవాణ్ని. ఇప్పుడు ఆరాధనలో చుట్టూ అందరూ చేతులెత్తి ఏడుస్తుంటే, నేను ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్‌లో ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెడుతున్నాను. గృహకూటంలో ఈ సంగతి చెబితే నడిపించే అన్న, "ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుంది" అన్నాడు. వెతికాను. ఉన్నవి ఒప్పుకున్నాను. ఏడుపు మాత్రం రాలేదు. క్రీస్తులో దొరికే తృప్తి శాశ్వతం అంటాం కదా, మరి నాది ఎటు పోయింది?

వాక్యమే ఆధారం:
బ్రదర్, ఏమీ అనుకోవద్దు గానీ ఆ అన్న చెప్పింది తప్పు కాదు. బావి దగ్గర సమరయ స్త్రీతో ప్రభువు ఏమన్నాడు? తానిచ్చే నీళ్లు తాగినవాడికి ఇంకెప్పుడూ దాహం వేయదని. యోహాను 4:14. అందులో 'రెండేళ్ల వరకు' అని లేదు. ప్రార్థన తగ్గిందేమో, ఓటీటీ పెరిగిందేమో చూసుకోండి. వాగ్దానానికి చిల్లు ఉండదు, ఉంటే కుండకే.

ట్రిప్లికేన్ అల్లుడు:
నేను చర్చికి వెళ్లి మానేసినవాణ్ని. పాట, గుంపు, కీబోర్డు ఉంటే ఎవరి గుండైనా కరుగుతుంది. మార్గళి నెలలో తెల్లవారకముందే పార్థసారథి గుడిలో తిరుప్పావై విని వచ్చిన మా అత్తగారి ముఖం చూడండి, అదే వెలుగు. మీకు దిగింది మత్తు బ్రదర్, విశ్వాసం కాదు.

పెరంబూరు ఆంటీ:
అల్లుడు గారూ, మీ అత్తగారి ముఖాన్ని నేనెందుకు కాదంటాను? కీబోర్డు మాట కూడా సగం నిజమే. వాక్యం బ్రదర్, మీరు అదే సువార్తలో 19వ అధ్యాయం తెరవండి. దాహం ఉండదన్నవాడే సిలువ మీద దాహమవుతోందన్నాడు. ఆయన కుండకూ చిల్లేనా? 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, చివర హల్లెలూయ లేదు. మదర్ థెరిసా పోయిన పదేళ్లకు, 2007లో ఆమె ఉత్తరాలు అచ్చయ్యాయి. దేవుడు దగ్గర లేనట్టే దాదాపు యాభై ఏళ్లు గడిపిందట. సంతృప్తిగా ఉండటం 'నేర్చుకున్నాను' అని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు, అదీ సంకెళ్లలో ఉండి. నేర్చుకోవాల్సి వచ్చిందంటే బాప్తిస్మం నీళ్లతో పాటు రాలేదనే కదా.

మా ఆయన రైల్వే. పక్షవాతం వచ్చి పదకొండు నెలలు మంచం మీదున్నారు. అన్ని నెలలూ నాకు ప్రార్థన రాలేదు. 'తండ్రీ' అని ఆగిపోయేదాన్ని. మా సంఘం సువార్తికుడు భక్త్ సింగ్ గారి సహవాసాల వరసలోది. ఆయన 1941లో ఇక్కడే, మద్రాసులో, యెహోవా షమ్మా అనే సంఘం మొదలుపెట్టారు. ఆరాధన అయ్యాక అందరూ కలిసి కూర్చుని తినే ప్రేమవిందు ఆ సంఘాల అలవాటు. లోపల కూర్చోలేక నేను వంట దగ్గరికి పోయేదాన్ని. సాంబారు అండా అడుగున మాడింది పీచు పెట్టి గోకుతుంటే కాసేపు ఏమీ గుర్తొచ్చేది కాదు. పక్కన గిన్నెలు కడిగే తమిళ అక్క నాకు ఒక్క వచనం చెప్పలేదు. వెళ్లేటప్పుడు మాత్రం మా ఆయన కోసం మెత్తగా పిసికిన రసం అన్నం క్యారియర్‌లో పెట్టిచ్చేది. ఒక్క ఆదివారం తప్పలేదు. తృప్తి కలిగిందా అంటే, అప్పుడు లేదు. ఆయన్ని మట్టిచేసి వచ్చిన రాత్రి, ఇంట్లో ఒక్కదాన్నే ఉండి కూడా భయం వేయలేదని గమనించాను. అది ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

వాక్యమే ఆధారం:
ఆంటీ, అనుభవాన్ని వాక్యం మీద పెట్టకూడదు. 19లోది ఒంటి దాహం, 4లోది ఆత్మ దాహం. రెండూ కలపకండి. 88వ కీర్తన మాట మాత్రం ఒప్పుకుంటాను. సండే స్కూల్లో మాకెవరూ దాన్ని కంఠస్థం పెట్టించలేదు.

ట్రిప్లికేన్ అల్లుడు:
ఆంటీ, ఆ అన్నం పెట్టిన ఆవిడ ఏ మతమైనా అదే చేసేది కదా?

పెరంబూరు ఆంటీ:
చేసేది బాబూ. మా పై వాటాలో ఉండే భాయి, మా ఆయన్ని ఎన్నిసార్లు మెట్లు మోసి దించాడో. ఇంకెక్కడా దొరకదని నేననలేదు. నాకెక్కడ దొరికిందో చెప్పాను. దానికి నేను పెట్టుకున్న పేరు యేసు, అది మార్చుకోను.

షోలింగనల్లూరు బ్యాచిలర్:
ఈ వారం పాపాలు వెతకడం ఆపుతున్నాను. ఆంటీ, మీ వంట ఎన్నింటికి మొదలవుతుంది?

పెరంబూరు ఆంటీ:
ఆరున్నరకి వచ్చెయ్ నాయనా. ఏడుపు రావట్లేదన్నావుగా, పది కిలోల ఉల్లిపాయలు తరగాలి.