ఒకరు చెబితే రాసే మనిషిని ఏమనాలి?

గత నెల చూపు లేని ఒక డిగ్రీ విద్యార్థికి చరిత్ర పరీక్ష రాసిపెట్టాను. హాలు తలుపు మీద అతికించిన కాగితంలో నా పేరు పక్కన ‘స్క్రైబ్’ అని తెలుగు లిపిలో ఉంది. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. ఈ పనికి మన భాషలో పేరు లేదా?

లేకేం, ఉంది: వ్రాయసకాడు. వేటకాడు, ఆటకాడు ఎలాగో ఇదీ అలాగే. తమిళ ‘వరై’, కన్నడ ‘బరె’ మన ‘వ్రాయు’కు చుట్టాలు. తెలుగులో మాత్రం అచ్చు, రేఫ (ర అనే హల్లు) చోట్లు మార్చుకుని మొదట్లోనే ‘వ్రా’ ఏర్పడింది. ఆ తర్వాత జరిగింది ఇంకా ముచ్చటగా ఉంటుంది. వ్రేలు వేలయింది, వ్రేలాడు వేలాడు అయింది. అక్కడ రేఫ జారిపోతే, ‘వ్రాయు’లో వకారం జారిపోయి ‘రాయు’ మిగిలింది. వ్రాయసం అదే దారిలో రాయసం అయింది. విజయనగర కొలువులో రాయసం అంటే రాజు ఆజ్ఞలను లేఖలుగా రాసే ఉద్యోగం. కృష్ణదేవరాయల కాలపు శాసనాల్లో రాయసం కొండమరుసయ్య పేరు కనిపిస్తుంది. రాయసం అనే మాట ఇంటిపేరుగా ఈనాటికీ నిలిచి ఉంది. మాటలో ‘రాయ’ ఉంది కదా అని రాయలవారితో ముడిపెట్టబుద్ధి వేస్తుంది గానీ, వ్రాయసం అనే రూపం కళ్లెదుట ఉండగా అంత దూరం పోనక్కర్లేదు.

లేఖకుడు అనవచ్చు కదా అంటారు. హిందీలో ‘లేఖక్’ అంటే రచయిత. ఆ అలవాటున్నవారు గ్రంథకర్త అనే అనుకుంటారు. దస్తావేజు లేఖరి ఉన్నాడు గానీ, అక్కడ సంగతి మనది, వాక్యం ఆయనది.

అయితే పెద్దన చెప్పినట్టుగా ప్రచారంలో ఉన్న చాటువులో లేఖకుడు నాకు చాలా ఇష్టం. కవిత్వం చెప్పాలంటే కప్పుర విడెం, ఉయ్యాల మంచంతో పాటు ‘ఊహ తెలియంగల లేఖక పాఠకోత్తముల్’ కావాలన్నాడు. అక్షరాలు వస్తే చాలదు, చెప్పేవాడి ఊహ తెలియాలి. అర్థం చేసుకోకుండా రాయవద్దని వ్యాసుడు వినాయకుడికి పెట్టిన షరతు కూడా ఇదే.

ఆ రోజు హాల్లో నాకు ఇదంతా అనుభవానికి వచ్చింది. అబ్బాయి ‘శాసనాలు’ అని రెండు వాక్యాలు ముందుకు వెళ్లాడు. ఆగి, “మేడం, తాలవ్య శకారమే పెట్టారు కదండీ?” అని అడిగాడు. కాసేపటికి తళ్లికోట యుద్ధం 1556లో జరిగిందన్నాడు. నా కలం ఆగింది. తప్పని తెలుసు, చెప్పకూడదనీ తెలుసు. 1556 అనే రాశాను. మూడు పంక్తుల తర్వాత అతనే, “ఆగండి, 1565. అది కొట్టేసి రాయండి” అన్నాడు. ప్రాణం లేచి వచ్చింది.

ఊహ తెలిసి కూడా తన మాట కలపని మనిషికి ‘స్క్రైబ్’ చాలా పలచని పేరు. వ్రాయసకాడు నిండుగా ఉంది, కానీ నాలాంటి ఆడవాళ్లకు కుదరదు. పనికత్తె వరుసలో వ్రాయసకత్తె అనవచ్చు. నా మొగ్గు మాత్రం ‘రాయసం’ వైపే. పనికీ మనిషికీ ఒకే మాట, ఆడవారికీ మగవారికీ సరిపోతుంది. వచ్చే పరీక్షకు ఆ కాగితంలో నా పేరు పక్కన ‘రాయసం’ అని వేయమని అడగబోతున్నాను. మీ ఇళ్లలో పెద్దవారు ఈ పనికి వేరే మాట ఏదైనా వాడేవారా?